నిప్పుకొండకు నాలుగు రోజులు

ఈ శీర్షికలో ఎప్పుడూ సినిమావాళ్ళ అవుట్‌డోర్ కబుర్లే రాస్తుంటాను. ఫలానా హీరో ఫలానా దేశంలో చలికి వణికాడనీ, ఫలానా యూనిట్ వాన వెలిసేదాకా లాడ్జిలో పేకాడుకుందనీ... ఈ వారం వాళ్ళకు సెలవు. ఈ వారం అవుట్‌డోర్ మా ఇంట్లోనే మొదలయింది. నిర్మాత నేను. హీరో మా నాయన. సెన్సారు ఆఫీసరు మా అమ్మ. లొకేషన్? అగ్నిపర్వతం!

నవ్వకండి. నిజంగానే చెబుతున్నాను.

నాయనకు 68 ఏళ్ళు. తిరుపతి నుంచి తిరుమలకు ఘాట్‌రోడ్డు మీద 22 ఏళ్ళు బస్సు నడిపి రిటైరయిన మనిషి. ఇప్పుడు ఆయన పనల్లా పొద్దున పేపరు, సాయంత్రం నా ఫోను. 2025 సెప్టెంబరులో అండమాన్ దగ్గర బారెన్ దీవి మళ్ళీ పొగ కక్కింది గదా, ఆ వీడియో ఆయన కంట పడింది. ఒకసారి చూశాడు, రెండుసార్లు చూశాడు, కళ్ళజోడు తుడుచుకుని మూడోసారి చూశాడు.

"అబ్బోడా, ఇది యాడ వుండాది?"

"అండమాన్‌లో నాయనా."

"అంటే మన దేశమే కదా?"

"మన దేశమే."

"పాస్‌పోర్టు అక్కర్లేదు?"

"అక్కర్లేదు."

"మరింకేమి? పోదాం పద."

వంటింట్లోంచి సెన్సారు కత్తెర వచ్చింది. "కొండమీద సామి వుండంగా ఆ నిప్పుల కొండకు పొయ్యేదేంది? పోయినేడు గుండెలో స్టెంటు పెట్టించుకున్న మనిషి! తిరుమలకు మెట్లెక్కొద్దని చెప్పిండారు డాక్టరు. ఈయన సముద్రం దాటతాడంట!"

అమ్మ చెప్పింది అబద్ధం కాదు. కానీ మా నాయన ఊరికే ఏదీ అడిగే మనిషి కాదు. నాకు వూహ తెలిసినప్పటి నుంచీ ఇంట్లో ఎవరేమి అడిగినా తెచ్చిపెట్టడమే గానీ, తనకు ఫలానాది కావాలని ఆయన నోరు తెరవగా నేను వినలేదు. కొత్త చొక్కా కొన్నా "ఎందుకురా" అనేవాడు. అటువంటి మనిషి నిప్పుకొండ అడిగాడు! కాదనడానికి నాకు నోరు రాలేదు. సరేనన్నాను. అనేశాక గానీ భయం పట్టుకోలేదు.

ఇక మొదలయింది పరిశోధన. మీలో ఎవరికైనా ఇదే ఆలోచన వుంటే పనికొస్తుందని, తెలుసుకున్నవన్నీ ఇక్కడ రాస్తున్నాను.

బారెన్ దీవి పోర్ట్‌బ్లెయిర్‌కు ఈశాన్యంగా, సముద్రంలో 135, 140 కిలోమీటర్ల దూరంలో వుంది. పోర్ట్‌బ్లెయిర్‌కు 2024 సెప్టెంబరు నుంచి శ్రీవిజయపురం అని కొత్త పేరు. దీవి చిన్నదే, ఈ కొస నుంచి ఆ కొసకు దాదాపు మూడు కిలోమీటర్లు. ఎత్తు 350 మీటర్ల పైచిలుకు. అంతేనా అంటారేమో... మనకు కనిపించేది తల మాత్రమే! మొండెమంతా నీళ్ళలో వుంది. సముద్రం అడుగు నుంచి కొలిస్తే రెండు వేల మీటర్ల పైన! మనుషులు లేరు. ఎప్పుడో ఎవరో వదిలిన మేకల సంతతి మాత్రం అక్కడ బతికిందట. నిప్పుకొండ మీద మేకలు! దేవుడు కూడా అప్పుడప్పుడు కామెడీ ట్రాక్ పెడతాడు.

ఇది పేలినట్టు మొదట రికార్డయింది 1787లో. 1803 తర్వాత కొన్నాళ్ళకే సద్దుమణిగి, నూటయాభై ఏళ్ళకు పైగా నిద్రపోయింది. చచ్చిపోయిందనే అనుకున్నారు. 1991లో లేచి కూర్చుంది! ఆ తర్వాత 1994లో, 2005లో, 2017లో, ఇదిగో 2025లో. దక్షిణాసియా మొత్తానికి చురుగ్గా వున్న అగ్నిపర్వతం ఇదొక్కటే. కారణం మరేమీ కాదు, మన దేశాన్ని మోస్తున్న భూఫలకం అక్కడ పక్క ఫలకం కిందికి దూరిపోతూ వుంటుంది. దూరిన చోట లోతున రాయి కరుగుతుంది, కరిగిన రాయి పైకి దారి వెతుక్కుంటుంది. 2004 డిసెంబరు 26న సునామీ తెచ్చిన భూకంపం కూడా ఈ సరిహద్దు మీదదే.

నాయనకు ఇదంతా చదివి వినిపించాను. "అండమాన్ అంటే నాకు తెలీదా, ఏఎన్నార్ పిక్చర్ చూడలేదా?" అన్నాడు. 1979లో వచ్చిన 'అండమాన్ అమ్మాయి' సంగతి. అక్కినేని, వాణిశ్రీ నటించారు, వి. మధుసూదనరావుగారు డైరెక్టరు. అంతకు ముందు ఏడాది తమిళంలో శివాజీ గణేశన్, సుజాత నటించిన చిత్రానికి అది తెలుగు రూపం. మన తరానికి అండమాన్ అంటే 1996 నాటి 'కాలాపానీ'. ప్రియదర్శన్, మోహన్‌లాల్, ఆ సెల్యులర్ జైలు గోడలు... చూసినవాళ్ళు మరిచిపోరు.

అగ్నిపర్వతం మీద సినిమావాళ్ళకు మోజు పాతదే. ఇటలీ దగ్గర స్ట్రాంబోలి అనే దీవి వుంది. నిమిషాల తేడాతో నిప్పు చిమ్ముతూనే వుంటుంది, నావికులు దాన్ని మధ్యధరా సముద్రపు లైట్‌హౌస్ అంటారు. ఆ దీవి పేరుతోనే రోసెలినీ తీసిన చిత్రం 1950లో వచ్చింది, హీరోయిన్ ఇంగ్రిడ్ బెర్గ్‌మన్. ఇక హాలీవుడ్ వాళ్ళ తమాషా వినండి. 1883 నాటి క్రాకటోవా పేలుడు మీద 1968లో భారీ చిత్రం తీశారు. పేరు 'క్రాకటోవా, ఈస్ట్ ఆఫ్ జావా'. తీరా చూస్తే క్రాకటోవా వున్నది జావాకు పడమర! కోట్లు పోసి కొండను పేల్చారు గానీ, మ్యాపు తెరిచి చూసిన నాథుడు లేడు.

సరే, మనం మ్యాపు చూశాం. కుప్పం నుంచి కాస్త దక్షిణానికి వాలుతూ తూర్పుకు గీత గీస్తే, బంగాళాఖాతం దాటి దాదాపు బారెన్ దీవి దగ్గరకు పోతుంది. కానీ గీత మీద నడవలేం గదా! మనవాళ్ళకు ఎటు పోవాలన్నా మొదటి మజిలీ చెన్నై. నాయన ఇంకా మదరాసు అనే అంటాడు. చిత్తూరు పేరునే ఇంటిపేరులా మోసిన నాగయ్యగారి కాలం నుంచీ మన జిల్లావాళ్ళు సినిమా కోసం పట్టిన దారి అదే. తిరుపతి నుంచి 150 కిలోమీటర్ల లోపే. అక్కడి నుంచి రెండు మార్గాలు. ఓడ అయితే సుమారు 1,200 కిలోమీటర్లు, దాదాపు మూడు రోజులు. విమానం అయితే రెండు గంటల పైచిలుకు.

నా మనసు ఓడ మీదే వుంది, అందులో అందం వుంది. కానీ డాక్టరుగారు ఫైలు చూసి, మూడు పగళ్ళూ మూడు రాత్రులూ నడి సముద్రంలో, ఆస్పత్రికి దూరంగా... వద్దు అన్నారు. విమానం సరే. అక్కడికి పోయాక ఒక్క రాత్రి ఓడ ప్రయాణమా? అదీ సరే. మందులు చేతిసంచిలో పెట్టుకోవాలి, మెట్లు పరుగెత్తకూడదు, కొండ నుంచి గాలి ఓడ వైపు వీస్తుంటే లోపలికి వచ్చి కూర్చోవాలి. అగ్నిపర్వతం పొగలో గంధకం వాయువు వుంటుంది, ఆరోగ్యంగా వున్నవాడికే వూపిరి పట్టేస్తుంది. ఇవీ షరతులు.

నాలుగు రోజుల ప్లాను వేశాను. రాత్రి తిరుపతిలో బస్సు, తెల్లవారి చెన్నైలో విమానం. మొదటి రోజు సెల్యులర్ జైలు. 1896లో మొదలుపెట్టి 1906లో పూర్తి చేసిన కట్టడం. ఏడు రెక్కల్లో ఇప్పుడు మిగిలినవి మూడు. రెండో రోజు పగలు విశ్రాంతి, రాత్రి ఓడ. మూడో రోజు తెల్లవారుజామున బారెన్ దీవి, మళ్ళీ తిరుగు ప్రయాణం. నాలుగో రోజు విమానం. భాషకు బెంగ లేదు. అక్కడ బెంగాలీ, తమిళం, హిందీతో పాటు తెలుగూ వినిపిస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయి స్థిరపడ్డవాళ్ళు ఎంతోమంది.

కాలం సంగతి మరవొద్దు. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా సముద్రం కాస్త మర్యాదగా వుంటుంది. గడియారంలో మనదీ అక్కడిదీ ఒకే టైము గానీ, సూర్యుడు మాత్రం బారెన్ దీవికి మన తిరుపతి కన్నా దాదాపు గంట ముందు వస్తాడు, గంట ముందే పోతాడు. ఆరున్నరకు లేద్దాంలే అని పడుకుంటే అంతే సంగతులు! చీకట్లోనే లేచి డెక్ మీద నిలబడాలి. ఎందుకో చెబుతాను. 2017 జనవరి 23న గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థవాళ్ళు తమ పనిమీద ఓడలో ఆ దీవి దగ్గర వున్నారు. అనుకోకుండా కొండ బూడిద చిమ్మింది. పగలు చూస్తే బూడిద మబ్బులే. పొద్దు కుంకాక చూస్తే ఎర్రటి లావా చిమ్ముతోంది! అదే కొండ, అదే నిప్పు. ఎర్రదనం చూడాలంటే చీకటి కావాలి, హాల్లో లైట్లు ఆర్పితేనే బొమ్మ కనిపించినట్టు.

ఓడ టికెట్ల సంగతి. పర్యాటకుల కోసం బారెన్ దీవి దాకా ఓడ నడుపుతామని అండమాన్ పాలనాయంత్రాంగం 2025 అక్టోబరులో ప్రకటించింది. అయితే సినిమా హాల్లోలాగా రోజుకు నాలుగాటలు వుండవు. వాతావరణం బాగుండాలి, ఓడ ఖాళీగా వుండాలి, కొండ మరీ కోపంగా వుండకూడదు. ఓడ తేదీ ఖాయం చేసుకున్నాకే విమానం కొనండి. తలకిందులుగా చేస్తే రెండు డబ్బులూ పోతాయి. ఒక రోజు అదనంగా చేతిలో పెట్టుకోండి. నాలుగు రోజులని మొదలెట్టిన నేను అలా అయిదుకు వచ్చాను.

ఇంకొక మాట. టికెట్టు కొన్నంత మాత్రాన నిప్పు చూపిస్తామని ఎవరూ హామీ ఇవ్వరు. ఆ కొండ కాల్‌షీట్లు ఇచ్చే హీరో కాదు! సన్నటి పొగ మాత్రమే కనిపించవచ్చు, మబ్బు కమ్మి అదీ కనిపించకపోవచ్చు. నల్లటి బూడిద వాలు, సముద్రంలోకి జారి గడ్డకట్టిన పాత లావా, ఇవి మాత్రం చూడగలం. అదీ ఓడ మీద నుంచే. ఒడ్డున దిగనివ్వరు.

ఇక్కడే వచ్చింది అసలు చిక్కు.

మా నాయనకు కావలసింది చూడటం కాదు, దిగడం! ఎందుకో ఆయన మాటల్లోనే వినండి. తిరుమల ఘాట్‌రోడ్డులో ఒకచోట రాతి గోడ వుంది. కింద గ్రానైటు లాంటి పాత బండ, దాని మీద ఇసుక పేరుకుని గట్టిపడిన రాయి. ఆ రెండూ కలిసే గీత దగ్గర 80 కోట్ల ఏళ్ళ చరిత్ర ఖాళీ అని భూగర్భ శాస్త్రజ్ఞుల లెక్క. జాతీయ భూగర్భ స్మారకాల్లో అదొకటి. మనం గోవింద నామాలు చెప్పుకుంటూ చూడకుండా వెళ్ళిపోతాం.

"ఇరవై రెండేండ్లు ఆ పాతరాయి పక్కన పొయ్యి వచ్చినా అబ్బోడా," అన్నాడు నాయన. "దానికన్నా పాతది మన పక్క లేదంటారు. ఇప్పుడే పుట్టిన కొత్తరాయి ఎట్లుంటాదో ఒకతూరి చేత్తో ముట్టుకొని సూడల్ల."

దీనికి ఏమని జవాబు చెప్పను?

నా అదృష్టమో దురదృష్టమో, అండమాన్ తిరిగొచ్చిన పరిచయస్తుడొకడు ఫోన్లో గుసగుసగా చెప్పాడు. డబ్బు పడేస్తే చిన్న పడవలో తీసుకుపోయి, ఎవరూ చూడకుండా ఒక అరగంట ఒడ్డున దింపేవాళ్ళు దొరుకుతారట. నిజమో, గాలి కబురో! కానీ చెప్పొద్దూ, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అరగంట. ఒక రాయి. నాయన ముఖంలో సంతోషం. డబ్బు లెక్క కూడా వేసేశాను.

తెల్లారి ఇంకో దీవి గురించి చదివాను. న్యూజిలాండ్‌లో వైట్ ఐలాండ్. అక్కడివాళ్ళు వకారి అంటారు. పర్యాటకులను నేరుగా కొండ నోటి దాకా నడిపించేవారు. 2019 డిసెంబరు 9న 47 మంది దీవి మీద వుండగా ఒక్కసారిగా పేలింది. 22 మంది చనిపోయారు. అంతకు కొన్ని వారాల ముందే కొండలో అలజడి పెరిగిందని హెచ్చరిక స్థాయి పెంచారు, అయినా టూర్లు ఆగలేదు. వాళ్ళందరూ మనలాగే ప్లాను వేసుకున్నవాళ్ళు. ఫోటో తీసుకుని తిరిగొద్దామనుకున్నవాళ్ళు. అక్కడ కుర్రాళ్ళే పరుగెత్తి తప్పించుకోలేకపోయారు. స్టెంటు పెట్టించుకున్న మనిషిని తీసుకుపోయి అరగంట నిలబెడతానా నేను?

పైగా బారెన్ దీవి వన్యప్రాణి సంరక్షణ కేంద్రం. దిగడమూ తప్పే, రాయి తేవడమూ తప్పే. పరిచయస్తుడికి వద్దని చెప్పేశాను. అది తేలికే. నాయనకు చెప్పడమే కష్టం.

చెప్పలేక ఒక ఎత్తు వేశాను. "నాయనా, ఆదివారం మంగంపేట పోయొద్దాం" అన్నాను. రైల్వే కోడూరు దగ్గర. బస్సెక్కి పోయాం. అక్కడ ముగ్గురాయి గనులున్నాయి, ప్రపంచంలో పెద్ద నిక్షేపాల్లో ఒకటి. ఆయిలు బావులు తవ్వేటప్పుడు ఈ పొడి కలిపిన బురద పోస్తారు, బరువుకోసం. గని దగ్గర టీకొట్టు అతను బిల్లు కాగితాలు ఎగిరిపోకుండా ఒక బూడిదరంగు ముక్క పెట్టుకున్నాడు. అడిగితే నాయన చేతికిచ్చాడు.

నాయన చెయ్యి కిందికి వంగింది. "ఇదేందిరా ఇంత బరువు!"

"మామూలు బండకన్నా ఒకటిన్నర రెట్లు బరువు నాయనా. నూరు కోట్ల ఏళ్ళకు ముందు ఇక్కడ సముద్రం వుండేదంట. అగ్నిపర్వతాల చర్యవల్ల ఈ రాయి దాని అడుగున పొరలు పొరలుగా పేరిందంట. ఇదీ జాతీయ స్మారకమే."

ఆయన చాలాసేపు ఆ ముక్కను తిప్పి తిప్పి చూశాడు. టీ చల్లారిపోయింది.

"అంటే మన కాడ గూడా ఒకప్పుడు ఇట్లే పొగలు లేసినాయన్నమాట."

"అవును నాయనా."

"నన్ను ఆడ దిగొద్దని చెప్పేదానికే గదా ఈడికి పిలుచుకొచ్చినావు?"

దొరికిపోయాను! తల వూపాను. వైట్ ఐలాండ్ సంగతి చెప్పాను. పడవవాడి కబురూ, నేను వేసిన లెక్కా... అన్నీ చెప్పేశాను.

నాయన రాయి టీకొట్టు అతనికి తిరిగిచ్చి, చేతులు దులుపుకున్నాడు. కోప్పడతాడనుకున్నాను. నవ్వాడు. "పిచ్చోడా! కొండమీద సామిని మాత్రం ముట్టుకొని చూస్తామా ఏంది? ఇంతదూరం నుంచే గదా! జరగండి జరగండి అంటాండినా, ఆ ఒక్క నిమిషం చూసినదానికే జనం గంటలు గంటలు లైన్లో నిలబడ్తారు. ఇదీ అట్లే అనుకుంటాం."

ఇన్నాళ్ళూ నేను చదివిన పుస్తకాలన్నీ ఆ ఒక్క మాట ముందు దిగదుడుపే!

ఇంటికొచ్చి అమ్మకు చెప్పాం. దిగేది లేదు, దూరం నుంచే చూస్తాం, డాక్టరు సరేనన్నాడు, రాత్రి ఒక్కటే ఓడ. అమ్మ అంతా విని, చేటలో బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండా అంది: "అట్లయితే నేనూ వస్తా. మందులు టైముకు ఎవురిస్తారు ఆయనకి?"

సెన్సారు సర్టిఫికెట్టు వచ్చింది గానీ బడ్జెట్టు తారుమారయింది! ఇద్దరికని నేను కూడబెట్టింది 40 వేలు. ఇప్పుడు యూనిట్‌లో ముగ్గురం. సంక్రాంతి దాటాక ప్రయాణం. అమ్మ అప్పుడే సముద్రంలో వాంతులకు వూరగాయ నిమ్మకాయ మంచిదా, పచ్చి నిమ్మకాయ మంచిదా అని పక్కింటివాళ్ళతో చర్చ మొదలుపెట్టింది. నాయన రోజూ నాలుగున్నరకు లేచి మేడ మీద తూర్పుకు తిరిగి నిలబడుతున్నాడు. ఇదేంటి నాయనా అంటే, రిహార్సల్ అంటాడు!

నాకు భయం పోలేదు. ఓడ రద్దయితే? మబ్బు కమ్మితే? అంతదూరం తీసుకుపోయి ఆయనకు నల్లటి గుట్ట ఒకటి చూపించి తీసుకొస్తే? ఈ మాటే నిన్న రాత్రి అడిగాను. "బస్సు నడిపినోణ్ణి, దారిలో మంచు పడితే ఏం చేస్తారో నాకు తెలీదా? నిదానంగా పోతాం. కనపడితే చూస్తాం, లేకుంటే లేదు" అన్నాడు.

మీరు కూడా, ఇంట్లో ఎప్పుడూ ఏమీ అడగని మనిషి ఎవరైనా వుంటే, ఈ వారం ఒకసారి అడిగి చూడండి. ఏం అడుగుతారో ఎవరికి తెలుసు! నిప్పుకొండే కానక్కర్లేదు. ఒక మ్యాట్నీ కావచ్చు.

ఎడిటరుగారూ, అడ్వాన్సు విషయం విడిగా రాస్తాను. పాఠక మిత్రులారా, వచ్చాక మీకు తప్పకుండా చెబుతాను. నిప్పు కనిపిస్తే నిప్పు గురించి, కనిపించకపోతే మబ్బు గురించి. అంతవరకు సెలవు.